మా గడప గోకించిన కథ

అమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, వంగి గడపకి పసుపు రాయడం కష్టమైపోయి, ఓ సంక్రాంతికి రంగు వేయించేసింది. నిగనిగలాడే పసుపు ఎనామిల్, మధ్యమధ్య ఎర్రబొట్లు, తెల్లగీతల ముగ్గు. మా ఊళ్ళో సగం గడపలు ఇప్పుడు అలాగే ఉన్నాయి. ఏటా సంక్రాంతికి పాతదాని మీదే ఇంకో పూత. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. మా ఇంట్లో పరీక్ష చేయించిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ సీసం ఆ గడప మీదే తేలింది. అక్కడ సీసం ఉందని మొదట బయటపడ్డాక, ఖర్చు సంగతి అలా ఉంచండి, అమ్మకీ నాకూ రెండు రోజులు మాటల్లేవు.

ఇల్లు రామచంద్రపురం దగ్గర పల్లెటూళ్ళో ఉంది. తాతయ్య 1958లో కట్టించిన మండువా ఇల్లు, పైన పెంకు. గోడలకి మొదట్నుంచీ తెల్లసున్నమే. గుమ్మాలు, తలుపులు, కిటికీలు అన్నీ టేకు, వాటికి రంగులు. నాకు ఊహ తెలిసేసరికి ఆకుపచ్చ, హైస్కూలుకి వచ్చేసరికి లేత నీలం, నా పెళ్ళికి మీగడ రంగు. వీధి అరుగుకి ఇనప గ్రిల్లు నాన్న పెట్టించారు. కిందటి సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి తమ్ముడూ మరదలూ ఏడాదిన్నర పిల్లాణ్ణి తీసుకుని వస్తున్నారంటే, దసరా వెళ్ళగానే ఇల్లు బాగు చేయించడం మొదలుపెట్టాం. నాది హైదరాబాదులో ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రిలో దిగడం, ఆదివారం రాత్రి మళ్ళీ ఎక్కడం.

పని మొదలుపెట్టక ముందే తమ్ముడు ఫోన్లో చెప్పాడు. "అక్కా, పాత రంగు గోకించొద్దు. ముందు అందులో లెడ్ ఉందో లేదో చూద్దాం." వాడు అక్కడ కొన్న ఇల్లు పాతది. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని, అదే లెడ్‌ని, 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లు అమ్మితే, సీసం రంగు గురించి తనకి తెలిసినదంతా అమ్మేవాడు కాగితం మీద పెట్టి సంతకం చేయాలి. కొనేవాళ్ళకి ఓ చిన్న పుస్తకం చేతికివ్వాలి, పరీక్ష చేయించుకోడానికి పది రోజులు గడువివ్వాలి. 2010 నుంచి అలాంటి ఇంట్లో కిటికీ మార్చాలన్నా కాంట్రాక్టరు శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొంది ఉండాలట. వాడు చెబుతుంటే విన్నాను కానీ, అమెరికా వెళ్ళినవాళ్ళకి పంపు నీళ్ళన్నా భయమే, పంచదారన్నా భయమే కదా అనుకుని వదిలేశాను. మనం ఆ ఇంట్లో పుట్టి పెరగలేదా?

నవంబరులో ఓ శనివారం పొద్దున్న ఆటో దిగేసరికి అరుగు మీద పని జోరుగా సాగుతోంది. మేస్త్రీ, ఆయన కుర్రాడూ ముందు రోజే మొదలుపెట్టేశారు. గ్రిల్లుని ఎమరీ కాగితంతో పొడిపొడిగా రుద్దుతున్నారు. చెమట పట్టకుండా లోపలి గదిలోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టుకున్నారు. ఎర్ర గచ్చు మీద లేత ఆకుపచ్చ పొడి, పిండి జల్లించినట్టు పరుచుకుని ఉంది. ఆ పొడిలో మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురు కూర్చుని ఉంది, రెండేళ్ళ పిల్ల. కొంగులో కట్టి ఇచ్చిన మరమరాలు ఒలకబోసుకుని, గచ్చు మీంచి ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది. ముద్దొచ్చి ఫొటో తీశాను. పనులు జరుగుతున్నాయి చూడమని తమ్ముడికి పంపాను కూడా.

రెండు నిమిషాల్లో ఫోన్. అక్కడ రాత్రి పది దాటింది. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "ముందు ఆ ఫ్యాను ఆపించు. ఆ పాపని లేపు. చేతులు సబ్బుతో కడిగించు. తర్వాత మాట్లాడదాం."

తర్వాత గంటసేపు మాట్లాడాడు. అందులో నాకు బుర్రకెక్కిన విషయం ఒక్కటే. గోడ మీదో తలుపు మీదో గట్టిగా అంటిపెట్టుకుని ఉన్న రంగు వల్ల పెద్ద ప్రమాదం లేదు. దాన్ని పొడి చేస్తేనే ప్రమాదం. రంగు పెచ్చు పిల్లలు నోట్లో పెట్టుకోవడం ఎప్పుడో జరిగే సంగతి. కంటికి ఆనని దుమ్ము చేతికంటి, చేతి నుంచి నోటికి వెళ్ళడం రోజూ జరుగుతుంది. కాల్షియం అనుకుని ఒళ్ళు సీసాన్ని లోపలికి రానిచ్చి, ఎముకల్లో దాచుకుంటుంది. పెద్దవాళ్ళ కడుపులోకి వెళ్ళినదాంట్లో పదోవంతు ఒంటికి పడితే, చిన్నపిల్లలకి సగం దాకా పడుతుంది. రక్తహీనత ఉన్న పిల్లలకి ఇంకా ఎక్కువ. పైకి ఏమీ కనబడదు. దెబ్బ మెదడు మీద, చదువు మీద, బుద్ధి నిలకడ మీద పడుతుంది. ఇంతవరకైతే పరవాలేదు అని చెప్పగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మా ఇల్లు బాగు చేయించడమనే పేరుతో, ఏళ్ళ తరబడి గ్రిల్లుకి అంటుకుని బుద్ధిగా ఉన్నదాన్ని నేనే డబ్బులిచ్చి గాలిలో కలిపించానన్నమాట.

పని ఆపించాను. మేస్త్రీకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. "ఆయ్, ముప్పయ్యేళ్ళ నుంచీ గోకుతున్నానండీ. నాకేమయ్యిందండీ?"

అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

పరీక్షకి రెండు దారులు. ఒకటి, సిగరెట్టంత పొడుగున్న పుల్ల. తమ్ముడి స్నేహితుడు హైదరాబాదు వస్తుంటే అతని చేత పంపించాడు. లోపల రెండు చిన్న గాజుగొట్టాలు ఉంటాయి. వాటిని నొక్కి విరిచి, ఊపి, రంగు మీద చాకుతో చెక్క కనిపించేదాకా గాటు పెట్టి, ఆ గాటులో అరనిమిషం రుద్దాలి. సీసం ఉంటే దూది ఎర్రబడుతుంది. గాటు ఎందుకంటే, పైపూత నిన్నటిదైనా అడుగుపూత తాతయ్య కాలం నాటిది. గ్రిల్లు మీద రుద్దగానే గులాబీరంగు వచ్చేసింది. పడమటి గది తలుపు గాటులో ఆకుపచ్చ పొర తగిలిన చోట ఎర్రబడింది. గడప దగ్గర మాత్రం ఏమీ రాలేదు. అమ్మ ముఖం వెలిగింది. "చూశావా? లక్ష్మీదేవి ఉండే చోటే అది."

పుల్లతో వచ్చిన కాగితం చివర చిన్నక్షరాల్లో ఇంకో మాట ఉంది. పసుపు, నారింజ రంగుల్లో వాడే సీసం రకం తొందరగా బయటపడదు, తడిచేసిన చోటు రాత్రంతా అలా వదిలేసి చూడాలి. సీసం క్రోమేటు అని, ఆ మెరిసే పసుపుకి మూలం అదే. మర్నాడు పొద్దున్నే కళ్ళాపి చల్లడానికి వెళ్ళిన అమ్మ బయట్నుంచి కేకేసింది. గడప మీద గాటు చుట్టూ రూపాయి బిళ్ళంత మేర గులాబీరంగు. కుంకుమ పడిందేమోనని ఆవిడ ముందు తడిగుడ్డతో తుడిచి చూసిందట. పోలేదు. మేం మాట్లాడుకోనిది ఆ తర్వాత రెండు రోజులే.

పుల్ల ఉందా లేదా అనేదే చెబుతుంది, ఎంతో చెప్పదు. పైగా ఎర్రరంగు మీద వాడితే ఏది రంగు ఎరుపో ఏది పుల్ల ఎరుపో తెలియదు. అందుకని రెండో దారి, ల్యాబు. నాలుగు చోట్ల నుంచి చెక్క దాకా అన్ని పొరలూ వచ్చేలా, నీళ్ళు చిలకరిస్తూ గోకి, విడివిడిగా జిప్ కవర్లలో వేసి పేర్లు రాసి, హైదరాబాదులో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో ఇచ్చాను. ఒక్కో శాంపిలుకి అయినది మా మేస్త్రీ రెండు రోజుల కూలికన్నా ఎక్కువే. దండగ అనిపించింది. కానీ ఆ కాగితమే తర్వాత లక్ష రూపాయల పని తగ్గించింది. ఎలాగో చెబుతాను.

మన దేశంలోనూ చట్టం ఉంది. 2016 నవంబరు 1న కేంద్ర పర్యావరణ శాఖ నియమాలు ఇచ్చింది. ఏడాది తర్వాత, 2017 నవంబరు 1 నుంచి, ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదు. పది లక్షల భాగాల్లో తొంభై అన్నమాట. మా పడమటి గది తలుపుకి వచ్చినది 11 వేల పై చిలుకు. గ్రిల్లుది అంతకు రెట్టింపు. గడపది 40 వేలు దాటింది. గోకిన ప్రతి వంద గ్రాముల్లో నాలుగు గ్రాములు సీసమే. నాలుగో శాంపిలు పడకగది కిటికీలది, అవి నాన్న పోయాక 2019లో కొత్తగా చేయించినవి. అందులో ఏమీ లేదు. చూస్తే మంచి కంపెనీ రంగే.

ల్యాబు కాగితం చేతికొచ్చాక తమ్ముడూ నేనూ వీడియో కాల్లో ఇల్లంతా తిరిగాం. ప్రతి తలుపు ముందూ ఆగి వాడు అడిగినది ఒకటే. "ఇది రాసుకుంటుందా?" రెండు చెక్కలు ఒకదానికొకటి రాసుకునే చోటే రంగు రోజూ పొడి అవుతుంది. ఎవరూ గోకక్కర్లేదు. తలుపు అంచులు, బిగుసుకుపోయిన కిటికీ రెక్కలు, గడియ పడే చోటు. ఇక గడప సరేసరి. ఇంటిల్లిపాదీ పొద్దున్నుంచీ రాత్రి దాకా దాన్ని తొక్కుకుంటూ ఇసక కాళ్ళతో అరగదీస్తూనే ఉంటాం. పిల్లలు పాకేది, కూర్చునేది కూడా దాని మీదే. అలా రాసుకునే వాటిని శుభ్రంగా తీయాలి. మిగతా తలుపుల మీద రంగు గట్టిగా ఉంటే గోకనే గోకొద్దు, తడిగుడ్డతో కడిగి పైన కొత్త రంగు వేసి కప్పేస్తే చాలు. పదకొండు తలుపులు పూర్తిగా గోకి పాలిష్ పెట్టించాలని నేను వేసుకున్న లెక్క అక్కడితో చిరిగిపోయింది. టేకు మెరుపు చూసుకోవాలన్న మోజు నాకే ఉండేది. ఆ మోజు చంపుకోవడానికి రెండు వారాలు పట్టింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా చావలేదు.

బ్లో ల్యాంపుతో కాల్చి తీసేద్దామని మేస్త్రీ అన్నాడు. గంటలో అయిపోతుంది, నిజమే. కానీ ఆ వేడికి సీసం పొగై నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికాలో పాత ఇళ్ళ సీసం రంగుని కాంట్రాక్టర్లు మంట పెట్టి తీయడం నిషేధం. దుమ్ము పీల్చుకునే అమరిక లేని గ్రైండరూ నిషేధమే. గ్రిల్లు చూసిన వెల్డింగు అబ్బాయి "గ్రైండరు పెడితే పావుగంటండీ" అంటే దణ్ణం పెట్టి పంపించేశాను. గ్రిల్లు అడుగున నారింజరంగు ప్రైమరు కనిపించింది. ఇప్పుడు అందరూ వాడే ముదురు గోధుమ రంగు రెడ్ ఆక్సైడు ఇనుముతో చేసేది. ఆ నారింజది రెడ్ లెడ్, సీసపు సింధూరం. తుప్పు పట్టకుండా బాగా కాపాడుతుందని ఒకప్పుడు వంతెనలకీ పడవలకీ అదే వేసేవారు. నలభై ఏళ్ళయినా మా గ్రిల్లు ఊచకి చిల్లు పడలేదు, దాని చలవే.

మేస్త్రీని ఒప్పించడానికి నేను పెద్దగా కష్టపడలేదు. ల్యాబు కాగితం చూపించి, ఆయన చేతి గోళ్ళ సందుల్లో ఉన్న ఆకుపచ్చ పొడి చూపించాను. కాసేపు గోళ్ళు చూసుకున్నాడు. "అయితే వాటర్ పేపరు పెడదాం లెండి" అన్నాడు. వాటర్ పేపరంటే నీళ్ళతో తడిపి రుద్దే నల్లటి ఎమరీ. కార్ల రంగు పనికి, పాలిష్ పనికి వాళ్ళు వాడేదే. ఆయన పెట్టెలో ఎప్పట్నుంచో ఉంది. పని ఆలస్యమవుతుందని తీయడు, అంతే. కూలి రోజుల లెక్కన కాక పని మొత్తానికి మాట్లాడుకుంటే ఎవరు మాత్రం తీస్తారు? రోజుకూలికి మార్చేశాను. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు అదే.

పరిచే ప్లాస్టిక్ కోసం వెతుక్కోలేదు. మాది చేపల చెరువుల దేశం. చెరువు గట్లకి వేసే మందపాటి లైనరు ముక్క మా మావయ్య దగ్గర దొరికింది. గదిలోంచి సామానంతా తీసేసి, తీయలేని బీరువాకి ప్లాస్టిక్ చుట్టి, గుమ్మానికి ఇటూ అటూ ఆరేసి అడుగుల మేర లైనరు పరిచి, అంచులు టేపుతో గచ్చుకి అతికించాం. ఆ గది మిగతా తలుపులకి ధాన్యం బరకాలు కట్టాం. ఫ్యాన్లు బంద్. పసిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కలకి రాకూడదు. తల్లి ఎముకల్లో దాగిన సీసం బిడ్డకి చేరుతుంది కాబట్టి మా పక్కింటి కోడలికి కూడా చెప్పొచ్చాను. ఆవిడ అత్తగారు మమ్మల్ని విచిత్రంగా చూసింది.

గడప పనికి రెండు రోజులు. జిగురులాంటి పెయింట్ రిమూవరు దట్టంగా పూసి, మీద పాలిథిన్ కప్పి, గంట ఆగి, ఉలి వెడల్పున్న బ్లేడుతో మేస్త్రీ నెమ్మదిగా లేపాడు. మొదట ఒక పసుపు పొర. దాని కింద ఇంకో పసుపు. మధ్యలో ఓ ఏడు ఎందుకో నారింజ. మళ్ళీ పసుపు. ఆత్రేయపురం పూతరేకు విప్పినట్టు పొర మీద పొర, పొర మీద పొర వస్తూనే ఉంది. పదమూడు దాకా లెక్కపెట్టి మానేశాను. అమ్మ వసారాలో కుర్చీ వేసుకుని చూస్తోంది. "అదిగో, అది మీ నాన్న పోయిన ఏడాదిది. ఆ సంక్రాంతికి ముగ్గు వేయించలేదు" అంది ఓ పొర దగ్గర. గడప సంగతి ఆవిడ మళ్ళీ నాతో ఎత్తడం అప్పుడే. ఆఖరి పొర కింద టేకు చెక్క పసుపుపచ్చగానే ఉంది. అది రంగు కాదు. నలభై ఏళ్ళకి పైగా నానమ్మ, అమ్మ చేత్తో రాసిన పసుపు నరాల్లోకి ఇంకిపోయి అలా మిగిలింది.

మాస్కుల దగ్గర మేం చేసిన తప్పు ఒకటుంది. మొదటి రోజు కరోనా నాటి బట్ట మాస్కులు ఇచ్చాను. సన్నటి దుమ్ముకి అవి తువ్వాలుతో సమానం. తర్వాత సన్నటి దుమ్మునీ ఆపే పీ100 ఫిల్టరు బిళ్ళలు బిగించే రబ్బరు మాస్కులు ఆన్‌లైన్లో తెప్పించాను. వాటితో మాట్లాడటం కుదరక మేస్త్రీ, కుర్రాడు సైగలు చేసుకుంటూ పని చేస్తుంటే చూడటానికి భలే ఉండేది. అంతకన్నా కష్టమైనది ఖైనీ. అరచేతిలో పోసుకుని బొటనవేలితో నలిపి నోట్లో వేసుకోవడమంటే చేతి మీద ఉన్నదంతా కలిపి నోట్లో వేసుకోవడమే. టీ తాగాలన్నా, ఖైనీ వేయాలన్నా ముందు బోరింగు దగ్గర సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలని షరతు పెట్టాం. కుర్రాడు మూడో రోజుకి ఖైనీ మానేశాడు, "ఇన్నిసార్లు ఎవడు కడుగుతాడండీ" అని. పని బట్టలు మా ఇంట్లోనే విప్పి, విడిగా ఉతికించి, వేరే బట్టలతో ఇంటికి వెళ్ళేవారు. ఆయన ఇంట్లో నాలుగేళ్ళ మనవడు ఉన్నాడు.

ఇక చీపురు. అమ్మ జీవితంలో నేను పెట్టిన అతి పెద్ద ఆంక్ష ఇదే. పని జరిగినన్నాళ్ళూ ఆ వైపు చీపురు తగలకూడదు. ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ ఇల్లంతా సర్దుకుంటుంది. మామూలు వాక్యూమ్ క్లీనరైనా సన్నటి దుమ్ముని వెనకనుంచి ఊదేస్తుంది. దానికి సన్నటి దుమ్మునీ పట్టి ఉంచే హెపా ఫిల్టరు ఉన్నదే కావాలి. హైదరాబాదు నుంచి నాది మోసుకెళ్ళాను. సాయంత్రం పని అవగానే లైనరు మీద నీళ్ళు చిలకరించి, అంచులు లోపలికి మడిచి చుట్టేసి, తర్వాత గచ్చు వాక్యూమ్ చేసి, సబ్బు నీళ్ళ బక్కెట్టు ఒకటి, మంచినీళ్ళ బక్కెట్టు ఒకటి పెట్టుకుని తడిగుడ్డలతో తుడవడం. చివరికి కొత్త తెల్లగుడ్డ తడిపి గచ్చంతా తుడిచి చూడటం. గుడ్డ తెల్లగా ఉండేదాకా మళ్ళీ మళ్ళీ. ఆ గుడ్డలు పారేయాలి, ఉతకకూడదు. అమ్మ నాలుగు పాత నేత చీరలు త్యాగం చేసింది. తెల్లారి నాలుగున్నరకి నిద్రలో చెయ్యి చీపురు కోసం వెతుక్కునేదట.

నేను అస్సలు ఊహించనిది భోగిమంట. రెండు వంటింటి కిటికీ రెక్కలు పుచ్చిపోయాయని పీకించి పెరట్లో పెట్టాం. డిసెంబరు చివరిలో మా వీధి పిల్లలు వరసగా ఇంటింటికీ తిరిగి పాత కర్ర పోగేసుకుంటూ వాటిని కూడా మోసుకుపోయారు. మూడు తరాల రంగున్న టేకు! మంటలో వేస్తే పొగ ఎంతో, మిగిలిన బూడిద ఎంతో. అందులోనూ చుట్టూ చేరేది పిల్లలే. పరుగెత్తుకెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాను. "ఈవిడగారికి పాత కిటికీ మీద కూడా ఆశే" అన్నారు వెనకనుంచి ఎవరో. బదులు రెండు తాటిదుంగలు ఇచ్చి పరువు నిలబెట్టుకున్నాను. అంతకన్నా బాధపెట్టినది ఇంకొకటి. మా పెరట్లో నీళ్ళ కాగు కింద ఏళ్ళ తరబడి మండినది ఇలాంటి కర్రే. రంగు కర్ర బాగా రాజుకుంటుందని నాన్న విడిగా తీసి కాగు కింద పెట్టేవారు.

ఆ రెక్కలూ, గోకిన చెత్తా రెండేసి ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి మెలిపెట్టి టేపు చుట్టాం. వాటిని ఎక్కడ పారేయాలన్న ప్రశ్నకి మాత్రం నాకు నచ్చిన జవాబు దొరకలేదు. మా పంచాయతీ బండి అన్నీ కలిపి ఊరి చివర తగలబెడుతుంది. చివరికి కారులో వేసుకుని పట్నంలో ఇళ్ళ ప్రమాదకర చెత్త విడిగా తీసుకునే చోట ఇచ్చి వచ్చాను. వాళ్ళు దాన్ని ఏం చేశారో అడగడానికి ధైర్యం చాలలేదు.

కొత్త రంగు కొనడానికి వెళ్ళినప్పుడు డబ్బా మీద 90 పీపీఎం మాట ఉందో లేదో చూశాను. చట్టం ప్రకారం అది రాయాలి. ఇళ్ళ రంగులకి మాత్రమే ఈ చట్టం. గేట్లకీ ట్రాక్టర్లకీ అని అమ్మే ఇండస్ట్రియల్ ఎనామిల్‌కి వర్తించదు. కొట్లో రెండూ ఒకే అరలో ఉంటాయి. గడపకని మేస్త్రీ అలవాటుగా తీసిన అరలీటరు గోల్డెన్ ఎల్లో డబ్బా మీద ఏ మాటా లేదు. కొట్టు ఆయన్ని అడిగితే "గడపకేగా అమ్మా" అన్నాడు.

పాప సంగతి చివరికి దాచి పెట్టాను, చెప్పడం కష్టమై. మొదటి వారంలోనే వాళ్ళమ్మని ఒప్పించి, రాజమండ్రి తీసుకెళ్ళి రక్తం ఇప్పించాను. వేలి చుక్క కాదు, నరం నుంచి తీయాలి. వేలి మీద ఉన్న దుమ్ము కలిస్తే లెక్క తప్పుతుంది. ఆరు రోజులకి వచ్చింది. డెసిలీటరు (వంద మిల్లీలీటర్ల) రక్తానికి 8.6 మైక్రోగ్రాముల సీసం. 5 వచ్చినా దాటినా, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికాలో ఆ గీత 3.5. పిల్లల డాక్టరుగారు కంగారు పెట్టలేదు. మందులిచ్చి సీసం బయటికి లాగే వైద్యం 45 దాటితేనేనట. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ సిరప్ రాసి, రాగిజావ, పాలు, ఆకుకూరలు పెట్టమన్నారు. మూడు నెలల్లో మళ్ళీ చూద్దామన్నారు. ఆ ఒక్క రోజు దుమ్ము వల్లేనా అని అడిగాను. "చెప్పలేమమ్మా. గడపా కావచ్చు, కాటుకా కావచ్చు, పసుపూ కావచ్చు" అన్నారు. పసుపు అంటే వంటలో వాడేదే. నిగారింపు కోసం దాంట్లో కలిపే కల్తీ కూడా మా గడప మీద దొరికిన సీసం క్రోమేటే. అమ్మ దుగ్గిరాల కొమ్ములు తెప్పించుకుని ఆడించుకుంటుంది కాబట్టి మాది సరే. పాప ఇంట్లో మాత్రం సంతలో దొరికే పొడి. ఇప్పుడు ఆ ఇంటికీ మా కొమ్ములే వెళ్తున్నాయి.

మేస్త్రీ కూడా రక్తం ఇచ్చాడు, మనవడి కోసమని. ఆయనకి 27. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే నాకేమయ్యిందని అడిగానండీ అప్పుడు" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయనకి ఎప్పట్నుంచో కడుపునొప్పి ఉందట. దాన్నీ దీన్నీ ముడిపెట్టడానికి డాక్టరుగారు ఒప్పుకోలేదు. మనవడిది 4 లోపలే వచ్చింది.

సంక్రాంతికి తమ్ముడి కొడుకు వచ్చాడు. విమానం దిగిన పిల్లాడు కదా, రెండు రోజులు నిద్రే సరిపోయింది. మూడో రోజు గడప మీద చెరోవైపు కాళ్ళేసుకుని, గుర్రం ఎక్కినట్టు కూర్చున్నాడు. ఇప్పుడు దాని మీద రంగు లేదు. శుక్రవారం శుక్రవారం పాప వాళ్ళమ్మే పసుపు రాస్తోంది. అందుకు అమ్మ ఆమెకి నెలకి రెండొందలు ఎక్కువ ఇస్తోంది.

ఫిబ్రవరిలో పాపకి రెండోసారి చూపిస్తే 6.1. ఇంకా గీత కిందికి రాలేదు, ఉగాది వెళ్ళాక మళ్ళీ తీసుకెళ్ళాలి. అటక గది తలుపు, దూలాల మీద నీలంరంగు అలాగే ఉండిపోయాయి. డబ్బూ సెలవులూ రెండూ అయిపోయాయి. ఆ గదికి తాళం వేసి చెవి అమ్మ తాళాల గుత్తిలో పెట్టాం. గుమ్మం కింద సందులో తడిగోనె కుక్కి ఉంది. వారానికోసారి దాన్ని మళ్ళీ తడపమని ఫోన్లో గుర్తుచేస్తుంటాను.